పది నిమిషాలు ముందున్న దేశం

మా అమ్మ విజయవాడలో ఒక పెద్ద ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఆమెకు సెలవు దొరికితే మేం వేళాంగణి వెళ్ళేవాళ్ళం. రైలు, సత్రం, చర్చి, సముద్రం, మళ్ళీ రైలు. ఏటా అంతే. నేను బి.ఏ. పరీక్షలు రాసిన వేసవిలో, డెబ్భైల మధ్యలో, అమ్మ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే, "ఈసారి వేళాంగణి వద్దు. మాతకి మనం బాగా తెలిసిపోయాం. వేరే దేశం పోదాం" అంది.

నాన్న టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేవారు. పేపరు దించకుండానే "ఏ దేశం?" అన్నారు.

"అది ఇంకా అనుకోలేదండీ."

ఆ రాత్రి అన్నాలు తిన్నాక నా అట్లాసు తెచ్చి బల్ల మీద పరిచాం. బర్మా అని నేను వేలు పెట్టాను. వాళ్ళు ఎవర్నీ సరిగ్గా రానివ్వడం లేదని నాన్న చెప్పారు. సిలోన్ దగ్గరే గానీ పాస్‌పోర్టు కావాలి. పోలీసులు ఇంటికొచ్చి విచారించి, అది చేతికొచ్చేసరికి అమ్మ సెలవు అయిపోతుంది. అప్పుడు అమ్మ వేలు పైకి జరుపుకుంటూ పోయి హిమాలయాల కింద ఆపింది.

"నేపాల్. పాస్‌పోర్టు అక్కర్లేదు, మన రూపాయలు చెల్లుతాయి, రైలూ బస్సూ ఎక్కితే చాలు. మన జీతాలకి తగిన విదేశం ఇదే."

మర్నాడు మామయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు. వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఆయనది. ఒకసారి వ్యాపారం పని మీద విమానంలో సింగపూరు వెళ్ళొచ్చాడు. ఆ తర్వాత ఏ మాట మొదలుపెట్టినా సింగపూరులోనే తేలేవాడు.

"నేపాల్ కూడా ఒక విదేశమా అక్కా? నలుగురు వింటే నవ్వుతారు" అన్నాడు.

"రాజు వేరు, జెండా వేరు, డబ్బు వేరు. ఇంకేం కావాలిరా?"

"అయినా ఆడవాళ్ళు ఒక్కళ్ళే ఎట్టా పోతారు? బావగారు రానంటున్నారుగా."

నాన్నకు ప్రయాణాలు పడవు. "నేను రాను గానీ వెళ్ళొద్దని కూడా అనను. బాగుంటే వచ్చి చెప్పండి" అన్నారు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

మాకు తోడుగా చల్లపల్లి నుంచి పెద్దమ్మ వచ్చింది. అమ్మకు అక్క. పొలం పనులు, పాడి, ఇల్లు తప్ప వేరే లోకం ఎరగదు. బెజవాడ రావడమే ఆవిడకు పెద్ద ప్రయాణం. ఎందుకొస్తున్నావని అడిగితే, "అది రమ్మంది, వస్తన్నా" అంది.

హౌరా మెయిల్లో కలకత్తా చేరి, అక్కణ్ణించి రైళ్ళు మారి బీహారు చివర రక్సౌల్లో దిగాం. సున్నుండలు, వేయించిన అటుకులు, కారప్పొడి మాతోనే ఉండటంతో హోటలు ముఖం చూడాల్సిన పని పడలేదు. రక్సౌల్లో గుర్రపు బండి ఎక్కి సరిహద్దు దాటాం. అక్కడి పోలీసు మమ్మల్ని చూసి "మద్రాసా?" అని అడిగాడు. అమ్మ తన రాష్ట్రభాష హిందీలో, కాదు, ఆంధ్ర, విజయవాడ అని విడమరిచి చెప్పింది. అతను తలూపి పొమ్మన్నాడు. ఆ దేశపు గడియారం మనకన్నా పది నిమిషాలు ముందుంటుందని బండివాడు చెబితే, అమ్మ చేతి గడియారం తిప్పుకుంది. ఆ పని చేస్తూ నా వైపు చూసి నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తు.

కాట్మండూ బస్సు కొండలెక్కడం మొదలుపెట్టాక వాన పట్టుకుంది. ఒక మలుపు దగ్గర బస్సు ఆగింది. ముందు కొండచరియ విరిగిపడి రోడ్డు కొంతమేర కొట్టుకుపోయింది. అటునుంచి వచ్చిన బస్సులు అవతల ఆగాయి. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు, కొండవారన బురదలో నడిచి బస్సులు మారుతున్నారు.

పెద్దమ్మ ఆ దారి చూసి బిగుసుకుపోయింది. "నాకు గట్టు మీద నడవడం తెలుసుగానీ గోడ మీద నడవడం తెలీదే. నేను రాను."

అమ్మ జవాబు చెప్పేలోపు వెనక సీటు దగ్గర గొడవ వినపడింది. మా బస్సులో ఒక తెల్లవాళ్ళ జంట ఉంది. అతనికి పొద్దుటి నుంచీ వాంతులు, విరేచనాలు. ఇప్పుడు కళ్ళు లోతుకుపోయి సీట్లో వాలిపోయాడు. పక్కనున్న అమ్మాయి ఏడుస్తోంది. కలరా అనుకుని అందరూ బస్సు దిగి దూరంగా జరిగారు.

అమ్మ సంచీ నా చేతికిచ్చి అతని దగ్గరికెళ్ళింది. నాడి చూసింది. చేతి మీద చర్మం గిల్లి, అది ఎంతసేపటికి సర్దుకుంటుందో చూసింది. "అమ్మాయ్, ఆ టీ కొట్లో మరిగించిన నీళ్ళు, ఉప్పు, చక్కెర పట్రా" అంది నాతో. అవి కలిపి, ముందు తను రుచి చూసి, చెంచాతో పట్టడం మొదలుపెట్టింది. అతను కక్కేశాడు. కాసేపాగి మళ్ళీ పట్టింది.

బస్సు దిగినవాళ్ళంతా అవతలికి చేరారు. అక్కడి బస్సు హారన్ కొడుతోంది.

"బస్సు పోద్దేమోనే" అంది పెద్దమ్మ.

"పోనీ అక్కా. ఇంకోటి వస్తుంది."

ఆ తెల్లమ్మాయి ఇంగ్లీషులో, మీరు డాక్టరా అని అడిగింది. నర్సునని అమ్మ చెప్పింది. ఆ ఒక్క మాట ఆవిడ నోట ఎంత నిబ్బరంగా వచ్చిందో.

బెజవాడ ఆస్పత్రిలో వార్డు లోపలికి మమ్మల్ని రానిచ్చేవారు కాదు. అమ్మ పనిచేస్తుండగా నేను చూడటం అదే మొదటిసారి. ఇంట్లో పాలు పొంగితే కంగారుపడే మనిషి, ఇక్కడ గొంతు పెంచకుండా, చెంచా తర్వాత చెంచా పడుతూ కూర్చుంది. వాన వెలిసింది. మధ్యాహ్నానికి అతను కళ్ళు తెరిచి లేచి కూర్చోగలిగాడు.

కొండమీద బరువులు మోసే మనిషి ఒకతను అతన్ని వీపున వెదురు బుట్టలో కూర్చోబెట్టుకున్నాడు. అమ్మ అతని వెనకే నడిచింది. నేను తిరిగి చూసేసరికి, రానన్న పెద్దమ్మ ఆ తెల్లమ్మాయి చెయ్యి పట్టుకుని అడుగులేస్తోంది. "కిందికి చూడబాకమ్మా, నన్ను చూడు. ఏం కాదులే" అని తెలుగులో చెబుతోంది. ఆ అమ్మాయి అర్థమైనట్టే తలూపుతోంది.

అవతల దొరికిన బస్సు చీకటి పడేలోపు ఒక కొండ ఊరు చేరి అక్కడే ఆగింది. తెల్లారి బయటికొస్తే ఆకాశం అంచు పొడుగునా మంచు కొండలు. పెద్దమ్మ చాలాసేపు చూసి, "ఇదంతా ఎవురిదే?" అని అడిగింది. పొలం ఉన్నవాళ్ళకు ముందు వచ్చే ప్రశ్న అదే మరి.

కాట్మండూలో దిగగానే రోగిని ఒక మిషన్ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడి మేట్రన్ కేరళావిడ. అమ్మ చెప్పిందంతా వింది. ఎప్పట్నుంచి, ఏం పట్టారు, ఎంత పట్టారు అని ఒకదాని వెనక ఒకటి అడిగింది. చివరికి, "మీరు లాడ్జికి వెళ్ళడమేంటి సిస్టర్? మా నర్సుల క్వార్టర్సులో గది ఖాళీగా ఉంది" అంది ఇంగ్లీషులో.

ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మా బస అక్కడే. డ్యూటీ లేని నర్సు ఎవరో ఒకరు మాతో వచ్చి స్వయంభూ స్తూపం, పాత ఊళ్ళు పాటన్, భక్తపూర్ చూపించేవారు. ఒకరోజు మేట్రన్ అమ్మను వార్డు రౌండ్లకు పిలిచింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అమ్మ మామూలు వాయిలు చీరలో లోపలికి అడుగుపెట్టగానే నర్సులంతా లేచి నిలబడ్డారు. నేనూ తెలీకుండానే నిటారుగా నిలబడ్డాను. మేం బయల్దేరే రోజున ఆ యువకుడు తన కాళ్ళ మీద తను నడిచి గేటు దాకా వచ్చాడు. పెద్దమ్మ మిగిలిన సున్నుండలు తెల్లమ్మాయికిచ్చి, అతనికి అరుగుదల కుదిరాక పెట్టమని సైగలతో చెప్పింది.

ఇల్లు చేరాక నాన్న అన్నీ అడిగి చెప్పించుకున్నారు. బస్సులో సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ వారం ఫోను చేసిన వాళ్ళకల్లా, "మా ఆవిడ నేపాల్ వెళ్ళొచ్చింది" అని చెప్పడం నేనే విన్నాను.

మామయ్య ఆదివారం వచ్చాడు. సింగపూరు మాట ఎత్తలేదు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "అక్కా, మళ్ళీ ఎటైనా వెళ్తే మీ మరదల్ని కూడా తీసుకుపోతావా?" అన్నాడు.

"తనకి రావాలనుంటే తనని అడగమనరా" అంది అమ్మ.

అత్తయ్య మర్నాడే వచ్చి అడిగింది. ఆ ఏడే అందరం పాస్‌పోర్టులకు అర్జీలు పెట్టుకున్నాం. తర్వాతి వేసవికి నలుగురం రామేశ్వరంలో పడవెక్కి సిలోన్ వెళ్ళాం. ఆసారి దేశం ఎంచింది పెద్దమ్మ. అక్కడ వరి ఎట్టా పండిస్తారో చూడాలంది.