తిమ్మక్క చింతగింజలు

అప్పట్లో నేను బాగేపల్లి తాలూకా కచేరిలో గుమాస్తాను. పెరట్లో పెట్టిన కొలపాత్రలో ఎంత వాన పడిందో చూసి అంగుళాలు రాసుకోవడం నా పని. ఇరవై ఏళ్ల లెక్కలు నా బీరువాలో ఉండేవి. వాటిని చూసుకుని నాకు కాస్త పొగరు కూడా.

1941లో వినాయక చవితికి తాలూకా అధికారి అమల్దారుగారు నన్ను చిత్రావతి గట్టునున్న ఒక ఊరికి పంపారు. ఏటి కాలువ కింద మళ్లన్నీ నాటవచ్చా లేదా తేల్చి రమ్మన్నారు. అన్నీ నాటాక నడుమలో ఏరు ఆగిపోతే ఊరంతటికీ గింజ దక్కదు. అందుకని ఏరు సరిగా పారని ఎండేడైతే పై మళ్లకే నీళ్లు, కింది మళ్లవాళ్లు ఉలవలు చల్లుకోవాలి. ఆ మాట చెప్పే హక్కు నీళ్లు పంచే నీరుగంటిది. మొగుడూ మామా పోయాక ఆ పని తిమ్మక్క చేస్తోంది. ఆమె ఎండేడంది. కింది మళ్లున్న గోవిందప్ప అనే పెద్ద రైతు ఒప్పుకోక కచేరికి అర్జీ పెట్టాడు.

నాకు నవ్వొచ్చింది. ఏటా చవితికి సగటున పన్నెండు అంగుళాలు, ఈసారి పదహారు. సగటు నమ్మకపోతే పోనీ అని ఇరవై ఏళ్లనూ తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి మూడు వాటాలు చేశాను. అలా చూసినా పదహారు పై వాటాలోనే పడింది, ఇది తడి ఏడే.

తిమ్మక్క వాదించలేదు. దూలానికి వేలాడుతున్న గుడ్డమూటలు చూపింది. ఏడాదికొక మూట. ఉగాది నుంచి చవితి దాకా రోజూ రేవుకు పోయి, నీళ్లు మోకాలు ముట్టిన రోజున ఒక చింతగింజ వేస్తారు. ఇరవై పడకపోతే ఎండేడు. ఈసారి పడ్డవి ఏడే. మీ మామ మోకాలూ నీ మోకాలూ ఒకే ఎత్తా అని ఎకసెక్కంగా అడిగాను. ఆమె నన్ను రేవుకు తీసుకుపోయి, మామ మోకాలి ఎత్తున బండకు కొట్టిన గాటు చూపింది. కొలతంతా దానితోనే.

ఆ పూటంతా మూటలు విప్పుతూ కూర్చున్నాను. ఇరవై ఏళ్లలో అయిదేళ్లు నా అంగుళాలకూ ఆమె గింజలకూ పొత్తు కుదరలేదు. ఆ అయిదేళ్లూ ఏరూ పంటా ఏమయ్యాయని గోవిందప్పనే అడిగాను. ఆయన ఒక్కో ఏడూ గుర్తు తెచ్చుకుని చెప్పాడు. అయిదేళ్లకు అయిదేళ్లూ గింజలు చెప్పినట్టే జరిగింది.

"సన్నవాన నేలే తాగేస్తాదప్పా. ఏరు పారల్లంటే ఒక్కపెట్టున కొట్టల్ల," అంది తిమ్మక్క.

నేను ఎండేడనే రాసి సంతకం పెట్టాను.

మార్గశిరంలో ఏరు నిలిచిపోయింది. అప్పటికి పై మళ్లు గింజ పట్టాయి. కోతలు చూద్దామని మళ్లీ వెళ్తే, కింది మడిలో వంగి ఉలవలు పీకుతూ తిమ్మక్క కనిపించింది. ఎవరి మడి అది అని గట్టు మీదున్న గోవిందప్పను అడిగాను.

"ఆయమ్మదే. ఆమెకుండేది అదొకటే," అన్నాడు, తల దించుకుని.

గట్టు దిగి ఆమె దగ్గరికి పోయాను. ఇది తెలిసే చెప్పావా అమ్మా అంటే నడుము ఎత్తి నావైపు వింతగా చూసింది.

"నా మడి యాడుంటే ఏటికేమప్పా?"