పేరు పలికేదాకా

ఇది రాయొద్దనే అనుకున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళు సగం తమ గురించే రాసుకుంటారని నా అనుమానం. పైగా మా మేస్త్రీకి పొగడ్త గిట్టదు. కానీ పోయిన ఆదివారం మేళ్లచెరువు నుంచి వచ్చినప్పటినుంచీ మనసు ఒకచోట నిలవడం లేదు. నిన్న ఎవరిదో సైకిల్ ముందు చక్రం పంక్చరైతే వెనక చక్రం విప్పి కూర్చున్నాను. రాసి పారేస్తే కుదుటపడతానేమో చూద్దాం.

శనివారం పొద్దున నార్కట్‌పల్లిలో మా సైకిల్ దుకాణం పక్కనున్న ఎస్టీడీ డబ్బాకు ఫోన్ వచ్చింది. అవతల ఖాదర్. నేను సున్నపురాయి గనిలో హాజరు రాసే మున్షీగా ఉన్నప్పుడు బండలకు తూటాలు పెట్టి పేల్చినవాడు. ఆ చప్పుళ్ళకు చెవులు సగం పోయి, ఇప్పుడు ఏం చెప్పినా కేకవేసే చెబుతాడు.

"మేస్త్రీ పోయిండే! చాయ్ తాగి గట్లనే గోడకు ఒరిగిండు. ఇయ్యాల బొంద పెట్టరట, రేపట. జల్ది రా!"

శనివారం మేస్త్రీవాళ్ళకు పవిత్రదినం, పూడ్చరు. పక్కన విన్న డబ్బా ఆయన "అయ్యో, శనివారం పీనుగ తోడు కోరుతదంటరు" అని భయపడ్డాడు. నవ్వొచ్చింది, వెంటనే తప్పనిపించింది. మా మేస్త్రీ బతికినన్నాళ్ళూ తొమ్మిదిమంది తోడు కోరుతూనే ఉన్నాడు మరి.

ఆయన యూదుడు. వాళ్ళలో అందరూ కలిసి చదివే ప్రార్థనకు పదిమంది మగవాళ్ళుండాలి, అందరూ యూదులే కావాలి. ఒక్కరు తగ్గినా కొన్ని మాటలు పైకి చదవరు. మేళ్లచెరువులో ఉన్నది ఆయనా, కొడుకూ. కృష్ణానది అవతలి నుంచి చుట్టాలొస్తే ఐదుగురయ్యేవారు, ఒకసారి ఏడుగురయ్యారు. ఏడుగురైనందుకే గని మొత్తానికి బెల్లం పంచాడు. పోయేలోగా ఒక్కసారి పదిమంది మధ్య నిలబడాలని ఆయన ఆశ.

పుట్టింది ఏటి అవతల, తోలుపని చేసుకునే ఇంట్లో. తండ్రి చర్చికి వెళ్ళేవాడు. ఈయనకు ముప్పై దాటాక, మనం అసలు యూదులమని, ఎప్పుడో దారి తప్పి ఇక్కడికొచ్చామని వాళ్ళ పెద్దలు చెప్పారట. ఎనభైల్లో మా గనిలో చేరినప్పుడు కాంట్రాక్టరు ఏం కులమని అడిగాడు.

"యూదుణ్ణండీ."

"గది ఎస్సీల వస్తదా, బీసీల వస్తదా?"

అందరూ నవ్వారు, నాతో సహా. తర్వాత ఒకరోజు ఒంటరిగా దొరికితే అది నిజమేనా అని అడిగాను. చాలాసేపు అటూ ఇటూ తిరిగి అన్నాడు: "నిజమో కాదో నాకూ తెలవదు మున్షీగారూ. నిజమైతే ఎట్టా బతకాలో అట్టా బతుకుతున్నా."

తిరగడం ఆయన జబ్బు. శనివారం పని ముట్టడు, కూర్చోవడమూ చేతకాదు. తెల్లచొక్కా వేసుకుని గని అంచున సాయంత్రందాకా నడిచేవాడు. ఒకసారి కూలీలంతా కలిసి సంఘానికి నువ్వే నాయకుడివని పట్టుబట్టారు. "నాయకుడికి తన జనం ఎవరో తెలవాలి. నాకింకా తెలవలా" అన్నాడు. రాళ్ళు మోసే ఎల్లమ్మ ఊరుకుంటుందా?

"ఏందయ్యా, మేం మందికింద రామా? గీ రాళ్ళలెక్క కనపడ్తున్నమా?"

ఆ రోజు శనివారం కాకపోయినా ఆయన గని అంచున నడిచాడు.

ఇంకో చాదస్తం: మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టడు. వాళ్ళలో అది కూడదట. మోత్కూర్‌లో మా అవ్వ కూడా అంతే. బంతిలో కూర్చున్న పిల్లల్ని ఎవరైనా లెక్కపెడితే దిష్టి అని గరిటె విసిరేది. ఒకసారి అది పెదనాయిన నుదుటికి తగిలి, రెండిళ్ళకు మూడేళ్ళు మాటల్లేవు. అది వేరే కథ.

"పదిమంది కావాలంటవు, లెక్కపెట్టొద్దంటవు. నిండిందని ఎట్ల తెలుస్తది మేస్త్రీ?" అన్నాను.

"నాకా ఇబ్బంది ఎప్పుడొచ్చిందండీ?"

గనిలో తూటాల ఒత్తి అంటించే ముందు అందరం దిబ్బ వెనక చేరేవాళ్ళం. ఆయన ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచేవాడు. "ఉన్న" అనాలి. ఒక్క పేరు పలకకపోయినా ఎవరూ కదలకూడదు. చివర తన పేరు తానే పిలుచుకుని, తానే "ఉన్నా" అనేవాడు.

"నీకు నువ్వు కనపడ్తలేవా మేస్త్రీ?" అని ఎల్లమ్మ వెక్కిరించేది.

"ఒక్కోరోజు కనపడనమ్మా."

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నాకు ఆకలి మండుతోంది. వేలు చూపుతూ గబగబా లెక్కపెట్టాను. ముప్పైఒక్కరు. హాజరు పుస్తకంతో సరిపోయింది. "అంటియ్యి" అన్నాను ఖాదర్‌తో. మేస్త్రీ చెయ్యి అడ్డంపెట్టి పేర్లు మొదలుపెట్టాడు.

"ఎల్లమ్మా!"

పలకలేదు.

"ముప్పైఒక్కరున్నరు మేస్త్రీ, లెక్కపెట్టిన గదా" అన్నాను.

"ఉంటే ఉండనీయండి. ఎల్లమ్మ లేదు."

ముప్పైఒకటో మనిషి, పేలుడుకు జడిసి మా వెనక నక్కిన గొర్రెల కాపరి. ఎల్లమ్మ జ్వరంతో గని అడుగున, తూటాలు పెట్టిన బండ నీడలోనే నిద్రపోతోంది. మేస్త్రీ దిగి ఆమెను నడిపించుకొచ్చాడు. ఊపిరి తీసుకుని, పేర్లు మళ్ళీ మొదటినుంచీ పిలిచాడు. నన్ను తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఆ ఏడే పని వదిలి సైకిల్ దుకాణం పెట్టాను. చక్రాలు రెండే, లెక్క తప్పదనుకున్నాను.

ఆదివారం పూడ్చడానికి ఖాదర్ తన చెలకలో జాగా ఇచ్చాడు. గనిలో పనిచేసిన వాళ్ళం చాలామందిమి వెళ్ళాం. ఏటి అవతలి చుట్టాలూ వచ్చారు. మట్టి వేశాక కొడుకు పుస్తకం తెరిచి, చుట్టూ చూసి, మూసేశాడు.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"పోయినవాళ్ళకి కొడుకు చదవాల్సింది ఒకటుంది మామా. పదిమంది కావాలి. ఎనిమిది మందిమే ఉన్నాం."

మేస్త్రీని కలుపుకుంటే తొమ్మిది. చచ్చినా ఒకటి తక్కువే.

"గింతమంది నిలబడ్తిమి గదరా!" అని ఖాదర్ అరిచాడు.

"మీరు లెక్కలోకి రారు మామా. నన్నేం చెయ్యమంటావు?" అని పిల్లవాడు ఏడ్చాడు.

వాడిది తప్పు కాదు. అయినా నాకు కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. అప్పుడు ఎల్లమ్మ నా మోచెయ్యి పొడిచింది. "మున్షీ, నువ్వు పేర్లు పిలువు."

హాజరు పుస్తకం ఎప్పుడో చెదలు తిన్నది. పేర్ల వరస మాత్రం నోట్లోనే ఉంది. పిలిచాను. ఎల్లమ్మ "ఉన్న" అంది. ఒకరి తర్వాత ఒకరు "ఉన్న" అన్నారు. లేనివాళ్ళకు ఖాదర్ "పోయిండు" అని కేకవేశాడు. ఎందరు పలికారో నేను లెక్కపెట్టలేదు. చివర మేస్త్రీ పేరు పిలిచాను. ఈసారి ఖాదర్ కూడా "పోయిండు" అనలేదు.

ఎవరూ కదల్లేదు. పదకొండింటి బస్సు రోడ్డు మీద హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఒంటిగంట బస్సుకు వచ్చాం.