అక్క చేసిన కాటుక

మొన్న మదనపల్లెలో మా వీధి చివర ఉన్న మందుల అంగడికి వెళ్ళి, వారం రోజులుగా బుగ్గలు మండుతూ దద్దురు లేస్తోందని చెబితే, అక్కడ కూర్చునే అమ్మాయి నేను రాసుకుంటున్న క్రీము చూపించమంది. డబ్బా తిరగేసి చూసి, "అమ్మా, దీని డేటు అయిపోయి ఏడాది దాటిండాది. ఇంకా పూసుకుంటాండారా?" అంది. ఒక్క మనిషికి ఒక డబ్బా ఎప్పటికి అయిపోతుంది తల్లీ అనుకుంటూ డబ్బా తీసుకున్నాను. ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ మా అక్కే మనసులో మెదిలింది.

పుంగనూరులో మా ఇంటినిండా ఆడవాళ్ళమే. అమ్మ, పిన్నమ్మ, మేనత్త, అక్క, నేను. పౌడరు డబ్బా కొన్న కొద్దిరోజులకే అడుగు కనిపించేది, సున్నిపిండి విసిరింది విసిరినట్టే అయిపోయేది, పాతబడేంత కాలం ఏ వస్తువూ మా మధ్య నిలిచేది కాదు. కాటుక మాత్రం అక్క వంతు. పొన్నగంటాకు రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డను వత్తిగా చేసి, ఆముదం దీపం వెలిగించి, దానిమీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని నేతిలో రంగరించి, నా గడ్డం పట్టుకుని తల కదలనివ్వకుండా తానే దిద్దేది.

తర్వాత నాకు తమిళనాడు సరిహద్దున ఉన్న కుప్పంలో టెలిఫోన్ ఆపరేటరుగా ఉద్యోగం వచ్చింది. పగలంతా ఎవరెవరి మాటలనో కలపడమే నా పని. సాయంత్రం అద్దెగదికి వస్తే నాతో మాట్లాడేవాళ్ళు లేరు, వీధిలో వినిపించే అరవం అప్పటికింకా నాకు అర్థమయ్యేది కాదు. వచ్చేటప్పుడు అక్క ఇచ్చిన కాటుక భరిణె ఒక్కటే నాకు పుట్టింటి తోడు. అయిపోతుందేమోనని పిసరంత పిసరంత పెట్టుకునేదాన్ని. వేలు కంటికి తగిలితే అక్క చెయ్యి తగిలినట్టుండేది. వానలు పట్టాక దాని వాసన మారింది, అయినా పారేయడానికి మనసొప్పలేదు.

ఒకరోజు పొద్దున రెప్పలు అతుక్కుపోయి కళ్ళు తెరుచుకోలేదు. ఇంటామె చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నల్లగుడ్డు మీద పుండు పడుతోందని, ఇంకొంచెం ఆలస్యమైతే చూపుకే ముప్పని, ఇంట్లో చేసిందైనా అంగడిదైనా పాత కాటుక కంటి దరికి రానివ్వకూడదని చెప్పి, డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు. తోటి ఆపరేటరు పుంగనూరులో మా ఇంటి పక్క కొట్టుకు ఫోను కలిపి సంగతి చెప్పిందట. పలమనేరులో బస్సు మారి, పొద్దుగూకేలోపే అక్క నా గది గుమ్మంలో ఉంది. కళ్ళకు కట్టుతో ఉన్న నాకు ఆమె గాజుల చప్పుడే ముందు తెలిసింది.

"కండ్లు ఇట్ల చేసుకోని ఒక్కదానివే యాల పడుండావు మే?" అంటూనే భరిణె మూత తీసి వాసన చూసింది. "నెయ్యి సెడిపోయిండాది గదా! అయిపోతే మళ్ళా సేసియ్యనా నేను?"

నేను తడుముకుంటూ ఆమె గాజుల చెయ్యి పట్టుకున్నాను. ఆ కాటుక ఎందుకు దాచుకున్నానో అక్కకు దాంతోనే తెలిసింది. కాటుకంతా గోకి కాలువలో పడేసి వచ్చి, నా తల ఒళ్ళో పెట్టుకుని మందు వేసింది. చూపు తేటపడేదాకా ఉండి, పుంగనూరు వెళ్ళిపోయింది. ఆ బస్సు కనుమరుగయ్యేదాకా చూడగలిగానంటే అది ఆమె చలవే. అక్క మళ్ళీ నా కళ్ళకు కాటుక పెట్టనే లేదు. ఇంటికి వెళితే నుదుట చుక్క పెట్టేది, అంతే.

అక్క పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ప్రతి డబ్బా వెనకా ఎప్పటిదాకా వాడాలో అచ్చువేసి ఉంటుంది, మంచిదే. మా కాలంలో అంత తెలియకే నాలాంటివాళ్ళం కళ్ళమీదికి తెచ్చుకున్నాం. కానీ అప్పుడు పొద్దున్నే మొహం కడుక్కుని వస్తే, కళ్ళెందుకు ఎర్రబడ్డాయని అడిగే మనుషులు ఇంట్లో నలుగురుండేవాళ్ళు. ఇప్పుడు మొహం కడుక్కుని వచ్చాక నన్ను చూసేది అద్దమొక్కటే.