మిరప కళ్లంలో క్లాజులు

జయరావు మాస్టారి గురించి ఆ ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఓ మాట చెప్పుకుంటారు. ఇంగ్లీషు క్లాజులు ఆయన బడిలో చెప్పినదానికంటే మిరప కళ్లంలో చెప్పిందే బాగా అర్థమైందట.

అది ఎనభై ఏడు, ఫిబ్రవరి. పదో తరగతి పరీక్షలకు నెల రోజులున్నాయనగా నజీరా బడి మానేసింది. ఆ పిల్లకు ఇంగ్లీషొక్కటే కొరకరాని కొయ్య. మూడోరోజు మాస్టారు సైకిలెక్కి చేనికే వెళ్లారు.

కళ్లంలో ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. నజీరా తల్లి మాబూబీ కొంగు సర్దుకుని లేచింది. నాలుగిళ్ల వాళ్లు బదులు పని పెట్టుకున్నారు. ఇవాళ ఒకరి చేను, రేపు ఇంకొకరిది. ఇంటికి ఇద్దరు రావాలి. భర్త చీమకుర్తి క్వారీకి పోవడంతో మాబూబీ ఇంట్లో రెండో మనిషి నజీరాయే. పిల్లను బడికి పంపితే వాళ్ల కౌలు చేలోకి ఎవరూ రారు.

"చదువుకోవద్దని నేనంటానా మాస్టారూ? పరీక్ష పోతే మళ్లీ రాసుకుంటది. కాయ రాలితే మళ్లీ చెట్టెక్కుద్దా?"

మాస్టారు చెప్పులు విడిచి నజీరా పక్కన కూర్చుని తానూ ఏరసాగారు. తాలునూ మంచినీ ఒకే రాశిలో పోస్తుంటే ఆడవాళ్లు నవ్వాపుకోలేక కొంగులడ్డం పెట్టుకున్నారు. ఏరుతూనే ఒక ఇంగ్లీషు ముక్క చెప్పి, దాని అర్థం తెలుగులో అన్నారు.

"వాన వచ్చినప్పుడు."

అక్కడితో ఊరుకున్నారు.

"వచ్చినప్పుడు? ఏమైందీ?" అంది మాబూబీ.

"పట్టా కప్పాం," అన్నారు మాస్టారు.

మొదటి ముక్క వినేవాళ్లను అలా నిలబెట్టేస్తుంది, అది సబార్డినేట్ క్లాజు. రెండోది ఒంటరిగా నిలుస్తుంది, అది మెయిన్ క్లాజు అని చెప్పారు. తర్వాత ‘ఎర్రచీర కట్టుకున్న ఆవిడ’ అంటే ఆ వరసలో ఉన్న శివపార్వతి తలెత్తింది. ఏ మనిషో చూపించింది కాబట్టి ‘కట్టుకున్న’ దాకా ఉన్న ముక్క ఎడ్జెక్టివ్ క్లాజన్నారు. ఇక ‘ఏమిటి’ అన్న ప్రశ్నకు జవాబయ్యే నౌన్ క్లాజు నువ్వే చెప్పమన్నారు నజీరాను. పిల్ల ఇంగ్లీషులో తడుముకుంటూ ఓ వాక్యం చెప్పి, తల్లికి తెలుగు చేసింది.

"నేను పాసవుతానని అమ్మకు తెలుసు."

"నాకేం తెలుసే?" అంది మాబూబీ.

ఆమె తరఫు రెండో మనిషి తానేనని, రోజూ పొద్దున బడి గంట కొట్టేదాకా, ఆదివారాలు చర్చి అయ్యాక వస్తానని మాస్టారన్నారు.

"ఈయన చేసేది సగం పనే," అంది శివపార్వతి. "మిగతా సగం నేను సర్దుతాలే మాబూబీ. పిల్లని పంపు."

నెలపాటు ఆయన వేళ్లు మండుతూనే ఉన్నాయి. సుద్దముక్క పట్టే ముందు చేతులు మజ్జిగలో ముంచుకునేవారు.

వేసవిలో పాసైనవాళ్ల నంబర్లతో ఫలితాల పేపరు రాగానే మాబూబీ ఆయన గుమ్మం ముందుకొచ్చి, నా పిల్ల నంబరు చూపించండన్నది. అక్షరం రాని ఆ మనిషి ఆ అంకెల మీద వేలు పెట్టి, ఎంతకీ తీయలేదు.