అక్క వేళ్లకి అంటిన బూడిద

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద ప్రసాద్ పేరు. మా రవణక్క కొడుకు.

"అమ్మ పాయె చిన్నమ్మా..."



మొన్న ఉగాదికే కదా ఫోన్ చేసి తిట్టింది. "ఏమే, బతికే ఉండావా? అక్కకి ఫోన్ చేసేకి చేతులు పడిపోయినాయా?" అని. ఆ గొంతు ఇక లేదంటే ఎట్లా నమ్మేది!

కాసేపు ఏడ్చాక ప్రసాద్ అడిగాడు.

"చిన్నమ్మా, ఐసీయూలో ఊపిరి ట్యూబ్ తీసేద్దామా వద్దా అని డాక్టర్ అడుగుతానే ఉండాడు. నేనూ చెల్లెలూ ఏమీ తేల్చుకోలేకపోయినాం. అమ్మకి తెలివి లేదు. కుడిచేతి వేళ్లు మాత్రం దుప్పటి మీద ఏందో మెలేస్తానే ఉండాయి. ఆఖరికి చెయ్యి పట్టుకోని 'ఏం చేయమంటావ్ మా?' అంటే పిడికిలి మూసింది. అది చూసి సరే అనేసినాం. తప్పు చేసినామా చిన్నమ్మా?"

తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. అక్క బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అంటి ఉందట. నర్సు తుడిచిందట. మళ్లీ చూస్తే మళ్లీ ఉందట.

ఐసీయూలో బూడిద ఎక్కడిదిరా?

ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా ప్రసాదూ. మనవాళ్లందరూ కూడా చదవండి.

మీ అమ్మ కొత్తచెరువులో కిరాణా అంగడి ఇల్లాలుగానే మీకు తెలుసు. అంతకుముందు ఆమె ధర్మవరంలో మగ్గం మనిషి.

మా ఇంట్లో గుంటమగ్గం, నేలలో తవ్విన గుంటలో కూచుని నేసేది. పట్టుచీరలు నేసేవాళ్లం. మగ్గం మీద పొడుగ్గా సాగే దారాలను పడుగు అంటారు. అది అయిపోవస్తే మగ్గం ఖాళీ చేయరు. పాత దారం కొసకి కొత్త దారం కొస ఆనించి మెలేస్తారు. అట్లా ఒక్కొక్క పోగూ అతకాలి, వేలకు వేలు. జారకుండా వేళ్లకి బూడిద అద్దుకుంటారు.

మా ఇంట్లో ఆ పని రవణక్కది. అందరి మీదా కస్సుమనే మా నాయన, అక్క అతికిన పోగు తెగిందని ఒక్కనాడూ అనలేదు.

ఇంకోటి. మగ్గం సప్పుడులో మాట వినబడదు. అందుకని "ఇంక చాలు, ఆపెయ్" అనడానికి నాయన పిడికిలి మూసి చూపించేవాడు.

ఎనభైల మొదట్లో, వానలు వరసగా ఎగ్గొట్టిన కాలంలో, నాయనకి పక్షవాతం వచ్చింది. నోరు పడిపోయింది.

అనంతపురం డాక్టర్ చేతులెత్తేశాడు. బెంగళూరులో అయితే గొంతుకి చిల్లి పెట్టి మిషన్ తగిలిస్తారు, ఆ పైన దేవుడి దయ అన్నాడు. చిన్నాయన పోదాం పదండి అన్నాడు. అమ్మ అక్క మొహం చూసింది.

అక్క అంది, "వద్దు చిన్నాయనా. ఇంటికే తీసకపోదాం. మగ్గం సప్పుడు వింటే లేస్తాడేమో."

లేవలేదు.

కానీ అక్క నేస్తుంటే నాయన ఊపిరి మగ్గంతో పాటే ఆడేది. అడ్డదారం మోసే నాడె ఇటు పోతే లోపలికి, అటు పోతే బయటికి. అక్క నీళ్లు తాగడానికి ఆగితే ఆయన ఊపిరీ ఆగేది.

"ఆపొద్దే రవణా!" అని అమ్మ కేక పెట్టేది.

అక్క అలిసిపోతే చిన్నాయన గుంటలో దిగేవాడు. వీధిలో దుమ్ము తప్ప ఏమీ కదలని ఎండల్లో, మా ఇంట్లో మాత్రం ఆ సప్పుడు. చుట్టుపక్కలవాళ్లు మా గడప తొక్కడం మానేశారు.

నాయన వీపంతా పుండ్లు. దగ్గరికి పోవాలంటే నాకు భయం వేసేది.

ఒక మధ్యాహ్నం పడుగు కొసకి వచ్చేసింది. చిన్నాయన కొత్త పడుగు తెచ్చిపెట్టి, సప్పుడు ఆగకుండా తానే గుంటలో దిగాడు.

"అతకవే తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా," అని అమ్మ ఏడ్చింది.

అక్క వేళ్లకి బూడిద అద్దుకుంది. మొదటి పోగు పట్టుకుంది. మళ్లీ వదిలేసి నాయన దగ్గరికి వచ్చి ఆయన పడిపోని చెయ్యి పట్టుకుంది.

"నాయనా, అతకాల్నా? వద్దా?"

ఆయన చాలాసేపు అక్కనే చూశాడు. మెల్లగా పిడికిలి మూశాడు.

అక్క చిన్నాయనను లేపి, తను గుంటలో దిగి మిగిలింది నేసింది. ఆఖరి దెబ్బ వేసి బయటికి వచ్చింది. నాయన ఊపిరి ఆ దెబ్బతోనే ఆగిపోయింది.

అందరం మంచం చుట్టూ నిలబడ్డాం. అక్క నా పక్కనే ఉంది, నా చెయ్యి పట్టుకుని.

అప్పుడు, ఎవరూ లేని గుంటలో, మగ్గం ఒక్కసారి టక్కుమంది.

ఇది నేను చెవులారా విన్నా. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు.

"నువ్వే చంపినావు," అంది అమ్మ అక్కతో. చాలా కాలం మాట్లాడలేదు.

అక్క ఒకే మాట చెప్పేది. "నాయన వద్దన్యాడు మా. నేను ఆయన మాట విన్నా."

ఆ తర్వాత అక్క మగ్గం ముట్టలేదు. పెళ్లయి కొత్తచెరువు పోయింది. మీకెప్పుడూ ఇది చెప్పలేదు, నన్నూ చెప్పనియ్యలేదు.

ప్రసాదూ, ఆ పిడికిలి నీకు ఎవరూ నేర్పలేదు. అయినా నీకు అర్థమయింది. మీరు తప్పు చేయలేదు నాయనా. మీ అమ్మను మీరు చంపలేదు. ఆ మాట ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపు.

బూడిద సంగతి మాత్రం నన్ను అడగొద్దు. 

పోయిరా అక్కా.

ఇంక అతికేది ఏమీ లేదు. చేతులు కడుక్కుని, నాయన పక్కన నిమ్మళంగా పడుకో.