రేడియోలో కూత ఆగిన చోట

మొన్న మా మనవరాలు కాలేజీ పనికోసం చేసుకున్న, రేడియో అలలు పుట్టించే చిన్న ఆసిలేటర్‌ను నా మంచం మీదే పెట్టి, అరచేతిలో పట్టే మీటరు తీగలు దానికి ఆనించి, రెప్పపాటులో ఫ్రీక్వెన్సీ ఇంత అని చెప్పేసి, అన్నీ సర్దుకుని వెళ్లిపోయింది. అంతేనా అనిపించింది. మా రోజుల్లో అదే పనికి నేను జనగామ బజారునంతా ఆగం చేశాను మరి.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమానికి కాలేజీలన్నీ మూతపడితే, హైదరాబాదులో చదివే మా అన్న పెట్టెడు రేడియో సామాన్లతో ఇల్లు చేరాడు. మర్నాటి నుంచే ఆయన సభల వెంట తిరగడంతో ఆ పెట్టె నా పాలైంది. అన్న పుస్తకం చూసి, ఒక ట్రాన్సిస్టరు, తీగచుట్ట, తిప్పే కండెన్సరు కలిపి నేనొక ఆసిలేటర్ తయారుచేశాను. వరంగల్ పాలిటెక్నిక్‌లో చేరి ఈ విద్యే చదవాలని నా కోరిక. ఆడపిల్లకు డబ్బాలతో ఏం పనని, గింజల దుకాణం నడిపే మా బాపు అప్పటికే కాదనేశాడు.

డబ్బా పనిచేస్తున్నదని తెలుసు గానీ, ఎంత ఫ్రీక్వెన్సీ మీదో తెలియదు. కొలిచే మీటరును మా ఊళ్లో ఎవరు చూశారు గనుక? ఉన్న దారి రేడియోనే. హైదరాబాదు కేంద్రం తన ఫ్రీక్వెన్సీ తనే చెప్పుకుంటుంది కదా, రేడియోను అక్కడ పెట్టి ఆసిలేటర్ మర మెల్లగా తిప్పుతూ దగ్గరికొస్తే సన్నగా కూత మొదలవుతుంది, ఇంకా దగ్గరికొస్తే బొంగురుపోతుంది, రెండూ సమానమైన చోట ఆగిపోతుంది. నేను తెలివి ఎక్కువై, డాబా మీద బట్టలారేసే ఇనుప తీగను ఆసిలేటర్‌కు ఏరియల్‌గా తగిలించాను.

అది రేడియోలో బజారు ధరలు చెప్పే వేళ. వీధిలోని దుకాణాల రేడియోలన్నీ ఒక్కసారిగా కూశాయి, పత్తి ధర ఎవరికీ వినబడలేదు. ధర తెలియకుండా ఎదురు దుకాణం సేటే ఏదో పెట్టించాడని మావాళ్లు, కాదు మీరేనని ఆయన, చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. బాపు పరేషానై ఇంట్లోకొస్తే అదే కూత లోపలి గదిలో.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చదువు ఆశ ఇక వదులుకున్నట్టే అనుకుని, చేస్తున్నదంతా చెప్పాను. బాపు ముందు ఆ ఇనుప తీగ విప్పించాడు. తర్వాత పీట లాక్కుని కూర్చుని, మళ్లీ తిప్పమన్నాడు. కూత మొదలై, బొంగురుపోయి, ఆగింది.

“అంటే స్టేషను మనకు తెల్సిన రాయి, నీ డబ్బా తెల్వని సరుకు. కాంటా ముల్లు నిలవడ్డట్టు కూత ఆగితే తూకం కుదిరినట్టు. గంతేనా?”

“గంతే బాపూ.”

ఇంకోసారి తిప్పించుకుని విన్నాడు. తనే ఎదురు దుకాణానికి పోయి, తప్పు మా పిల్లదని చెప్పి, సేటుకు చాయ్ తాగించి వచ్చాడు. చెప్పులు విడుస్తూ, నా మొహం చూడకుండానే అడిగాడు.

“గా కాలేజీ వరంగల్‌ల ఏ దిక్కున్నదే?”

ఆ చదువే నాకు బతుకిచ్చింది. బాపు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కూతా లేదు, అది ఆగే చోటుకోసం ఇద్దరు ఊపిరి బిగబట్టి తలలు వంచి వినే పనీ లేదు. మనవరాలి మీటరు మంచిదే, కాదనను. కానీ బాపు ఉంటే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో రాయి ఏదే అని అడిగేవాడు.