గీటు పడ్డ ప్లేటు

ఆ రోజుల్లో మా కొల్లేటికోటలో నాకు దొరికిన గురువు మా బాబాయి గ్రామఫోను. మిగతా ప్లేట్లన్నీ పగిలిపోగా మిగిలింది ఒకే ఒక్క నాటకం పాట. దానికీ నడుమ ఒక గీటు. ముల్లు అక్కడ చిక్కుకుని అదే ముక్కని మూడుసార్లు పాడేది, బాబాయి పెట్టెను వేలితో కొడితే ముందుకు కదిలేది. రెండేళ్లు ఆ ప్లేటు పక్కన కూర్చునే హార్మోనియం నేర్చుకున్నాను. (గీటు సంగతి నాకు తెలియదనుకునేరు. నాకు తెలుసు, నా వేళ్లకే తెలియలేదు.)

ఏలూరులో ఒక నాటక సమాజానికి హార్మోనిస్టు కావాలంటే పడవెక్కి వెళ్లాను. ఇది తప్పితే తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులో మా మేనమామ చూసిపెట్టిన గుమాస్తా ఉద్యోగమే గతి. ఆ సమాజంలో పెద్ద వేషాలు కట్టే ఆయనే నన్ను పరీక్షించడానికి కూర్చున్నారు. నా ఖర్మకొద్దీ ఆ పాటే ఎత్తుకున్నారు. ఆయన చరణం దాటిపోయారు. నేను మాత్రం ఆ ముక్క దగ్గరే మూడుసార్లు తిరిగాను.

"ఏవండీ, అక్కడేమైనా పారేసుకున్నారా? వెతుకుతున్నారు."

"క్షమించండి, అలవాటైపోయిందండీ."

"పరవాలేదు, మళ్లీ కానివ్వండి."

రెండోసారి పళ్లు బిగించి కూర్చున్నాను. అయితే ఏం లాభం? పాట ఇంకా ఇక్కడ ఉండగానే నా దిక్కుమాలిన బుర్ర ముందే వెళ్లి ఆ గీటు దగ్గర కూర్చుంది. మళ్లీ మూడుసార్లే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మూడోసారి, ఎలా జరిగిందో ఏమో, వేళ్లు ఆగకుండా సాఫీగా దాటేశాయి. బతికాను అనుకుని తలెత్తి చూద్దును కదా, ఈసారి ఆయనే అక్కడ చిక్కుకుని ఆ ముక్కని మూడుసార్లు పాడారు. పాడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ముఖం పాలిపోయింది.

"ఈ అబ్బాయిని పంపించెయ్యండి," అన్నారు మేనేజరుతో, మెల్లగా. "నాకూ అంటుకుందండీ. ఆదివారం నాటకం ఉంది."

వాళ్లు నన్ను తిట్టలేదు, కాఫీ కూడా ఇప్పించారు. తిట్టినా బాగుండేది. కాలవగట్టున హార్మోనియం పెట్టె పక్కన పెట్టుకుని, ఇక నా బతుకింతే అని కూర్చున్నాను. ఆ పై వారం మిల్లులో చేరాను, ముప్ఫయ్యేళ్లు చేశాను. మీరు సంగీతంలోకి ఎందుకు వెళ్లలేదని పిల్లలు అడుగుతుంటారు. మా నాన్న ఒప్పుకోలేదర్రా అని చెబుతుంటాను. పాపం, ఆయన ఒక్కనాడూ నన్ను వద్దనలేదు.